పల్లెటూరి ఆర్ఎంపీలకు టీబీ శిక్షణ: ఏం నేర్పాలి, ఎక్కడ ఆపాలి?

విభాగం: ప్రజారోగ్యం, గుంటూరు – విజయవాడ

పీహెచ్‌సీ డాక్టరమ్మ (గుంటూరు జిల్లా)

అందరికీ నమస్కారం. గుంటూరు దగ్గర ఒక పీహెచ్‌సీలో మెడికల్ ఆఫీసర్‌ని. మా మండలంలోని ఆర్ఎంపీలను, పీఎంపీలను (డిగ్రీ లేకుండా ఊళ్లలో వైద్యం చేసేవాళ్లను) ఒక పూట కూర్చోబెట్టి టీబీ గురించి చెప్పాలనుకుంటున్నాం. హాలు దొరికింది, వస్తామని వాళ్లూ ఒప్పుకున్నారు. ఏం చెప్పాలన్నదే తేలటం లేదు. మా దగ్గరున్న స్లైడ్లు మెడికల్ కాలేజీ పిల్లల కోసం చేసినవి, బాక్టీరియా కణం గోడ దగ్గర మొదలవుతాయి. వాటితో ఊళ్లో పని జరగదు.

అసలు సమస్య ఇది. మా దగ్గర టీబీ అని తేలినవాళ్లను పాత మందు అట్టలు తెచ్చి చూపించమంటాను. చాలామంది సంచీల్లో ఒకటే వరస కనిపిస్తుంది. ముందు అజిత్రోమైసిన్, తగ్గకపోతే సెఫిక్సిమ్, ఆ తర్వాత లీవోఫ్లాక్సాసిన్, అన్నీ యాంటీబయాటిక్‌లే; మధ్యమధ్య డెక్సా అనే స్టెరాయిడ్ సూది, నీరసానికి గ్లూకోజ్ సీసా. రెండు నెలలు ఇలా తిరిగి, బుగ్గలు లోపలికి పోయాక మా దగ్గరికి వస్తారు. ఆ రెండు నెలలూ అదే గదిలో పిల్లల పక్కనే పడుకుని ఉంటారు.

ఎవరినీ తప్పుపట్టటానికి ఈ చర్చ పెట్టలేదు. ఊళ్లో దగ్గు ముందు చేరేది ఆర్ఎంపీ దగ్గరికే. అక్కడి నుంచి నేరుగా కళ్లె పరీక్షకు వస్తే చాలు, సగం పని అయినట్టే. అలా రావాలంటే వాళ్లకు ఏం నేర్పాలో, మన వైపు ఏం మార్చాలో మీ అనుభవంతో చెప్పండి.

ఛాతీ వైద్యుడు (విజయవాడ)

డాక్టర్ గారూ, మీ ఉద్దేశం మంచిదే గానీ నేను ఒప్పుకోలేను. అర్హత లేకుండా అల్లోపతి వైద్యం చేస్తే ఏడాది వరకు జైలు, లేదా 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ అని 2019 నాటి నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం 34వ సెక్షన్ చెబుతోంది. 1996లో పూనమ్ వర్మ కేసులో, హోమియో డిగ్రీ ఉన్నాయన అల్లోపతి మందులు రాయటాన్నే సుప్రీంకోర్టు తప్పుపట్టింది. ఏ డిగ్రీ లేనివాళ్లను ప్రభుత్వ డాక్టరే పిలిచి పాఠం చెబితే ఊరివాళ్లు "ఆయనకు సర్కారు ట్రైనింగ్ ఉంది" అనుకోరా?

ఉమ్మడి రాష్ట్రంలో వై.ఎస్. హయాంలో కమ్యూనిటీ పారామెడిక్ పేరుతో ఆర్ఎంపీలకు శిక్షణ మొదలుపెట్టారు. ప్రథమ చికిత్స వరకే అన్నారు. సూదులు, సెలైన్లు తగ్గాయా? ఎక్కడా తగ్గలేదు.

ఇంకా పెద్ద భయం టీబీ మందులతోనే. రిఫాంపిసిన్, ఐసోనియాజిడ్ పేర్లు వినగానే "మనమూ ఇవ్వొచ్చు" అన్న ధైర్యం వస్తుంది. బరువు చూడరు, కాలేయం చూడరు, రెండు నెలలిచ్చి తగ్గిందని ఆపేస్తారు. ఆ మనిషి మందులకు లొంగని మొండి టీబీతో నా దగ్గరికి వస్తాడు. అలా వచ్చినవాళ్లను చూస్తూనే ఉన్నాను.

దుగ్గిరాల ఆర్ఎంపీ

సార్, నమస్కారం. నేను ఆర్ఎంపీనే. తెనాలిలో ఒక పెద్ద డాక్టరు గారి దగ్గర కాంపౌండరుగా చేసి ఊరికి వచ్చాను. మీరు చెప్పిన సెక్షన్లు నాకూ తెలుసు. రాత్రి పదింటికి ఆయాసంతో ఒకరిని మంచం మీద మోసుకొస్తే నేను తలుపు తీయకపోతే ఎవరు తీస్తారో కూడా చెప్పండి.

టీబీ అనుమానం మాకు రాదనుకోవద్దు. వస్తుంది. పంపాక ఏం జరుగుతుందో వినండి. పసుపు యార్డులో పనిచేసే ఒకాయన, మూడు వారాల దగ్గు, సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడటం. ఒక సర్కారు ఆస్పత్రికి పంపాను. మొదటి రోజు ల్యాబు టైము అయిపోయిందన్నారు. రెండో రోజు ఎక్స్‌రే మనిషి లేడన్నారు. రెండు రోజుల కూలి పోయింది. తిరిగొచ్చి నన్నే అడిగాడు, "నీ మాట విని పోతే నాకేం ఒరిగింది?" అని. మర్నాడు పక్క ఊరి ఆర్ఎంపీ దగ్గర సూది చేయించుకున్నాడు.

మా బతుకు నమ్మకం మీద నడుస్తుంది. పంపిన మనిషి ఇబ్బంది పడితే మాట పోతుంది. టీబీ అని తేలితే "ఈయన దగ్గరికి పోతే టీబీ అంటాడు" అని ఇంకో నలుగురు మానేస్తారు. సూది వేస్తే సాయంత్రానికి హుషారుగా ఉంటుంది, రేపు మళ్లీ వస్తారు. సూది ఎందుకు ఆగదో ఇక్కడ అర్థమవుతుంది.

శిక్షణకు వస్తాను. పాఠంతో పాటు మూడు సంగతులు కావాలి. ఎవరి దగ్గరికి పంపాలో ఒక మనిషి పేరు, ఫోన్ నంబరు. ల్యాబు ఏ రోజు, ఎన్నింటిదాకా ఉంటుందో. పంపిన మనిషికి ఏం తేలిందో నాకు ఒక మాట. ఇన్నేళ్లలో ఆ చివరి మాట ఎవరూ చెప్పలేదు.

ట్రీట్‌మెంట్ సూపర్‌వైజర్

నేను టీబీ యూనిట్‌లో ఎస్టీఎస్‌ని (సీనియర్ ట్రీట్‌మెంట్ సూపర్‌వైజర్‌ని). ఆర్ఎంపీ గారు అడిగినవి న్యాయమైనవే. మా వైపు నుంచి కాస్త వివరంగా చెప్తాను, శిక్షణలో పనికొస్తుంది.

మనిషిని పంపలేకపోతే కళ్లెను పంపొచ్చు. పెద్దాయన కదల్లేడు, కూలి పోతుంది, బస్సు లేదు అన్నప్పుడు డబ్బా మా చేతికి వస్తే చాలు. ఆశా అక్కకో, సబ్ సెంటర్ ఏఎన్ఎం గారికో ఇస్తే ల్యాబుకు చేరుతుంది. సీబీనాట్ మిషన్ మీద రెండు గంటల్లో టీబీ ఉందో లేదో, రిఫాంపిసిన్ పనిచేస్తుందో లేదో రెండూ తెలుస్తాయి. గోవాలో తయారయ్యే ట్రూనాట్ కూడా ఇంచుమించు అంతే. మైక్రోస్కోప్ కింద కనపడాలంటే ఒక మిల్లీలీటరు కళ్లెలో సుమారు 10 వేల క్రిములు ఉండాలి. ఈ మిషన్లు అంతకంటే చాలా తక్కువున్నా పట్టుకుంటాయి.

వచ్చే డబ్బాల్లో పనికిరానివి చాలా ఉంటాయి. మూత తీస్తే నీళ్లలాంటి ఉమ్ము, పైన నురగ. అందులో ఏమీ దొరకదు. నెగిటివ్ వచ్చిందని ఆ మనిషి నిశ్చింతగా ఇంటికి పోతాడు. కాబట్టి శిక్షణలో అందరికంటే ముందు ఇదే చేసి చూపించండి. పొద్దున లేచాక ఏమీ తినకముందు నోరు మంచినీళ్లతో పుక్కిలించాలి. ఆరుబయటకు రావాలి, గదిలో వద్దు, ఎదురుగా ఎవరూ నిలబడొద్దు. రెండుమూడుసార్లు గుండెల నిండా గాలి పీల్చి, పట్టి ఉంచి, కడుపులోంచి దగ్గాలి. చిక్కగా, పసుపు రంగులో, జిగురుగా రావాలి. గొంతు గీరి తీసింది కాదు. డబ్బా బయట అంటకూడదు. మూత గట్టిగా తిప్పి, పేరు డబ్బా మీద రాయాలి, మూత మీద కాదు. మూతలు మారిపోతే ఒకరి జబ్బు ఇంకొకరికి అంటగట్టినట్టవుతుంది. రెండు నమూనాలు కావాలి: ఒకటి వచ్చినప్పుడే, ఇంకోటి మర్నాడు పొద్దున్నే.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. జీతం లేని ఎవరైనా అనుమానితుడిని పంపి, టీబీ అని తేలి, టీబీ రోగుల వివరాలు ఎక్కించే ప్రభుత్వ పోర్టల్ నిక్షయ్‌లో నమోదైతే సమాచారం ఇచ్చినవాళ్లకు 500 రూపాయలు. మందులు దగ్గరుండి చివరిదాకా మింగించినవాళ్లకు మామూలు టీబీలో 1000, మొండి టీబీలో 5000. రోగికి పోషణ యోజన కింద నెలకు 500 ఉండేది, 2024 నవంబరు 1 నుంచి 1000 అయింది. బ్యాంకు ఖాతా, ఆధార్ సరిగ్గా ఎక్కితేనే పడతాయి. ఈ సంగతులు మన ఆర్ఎంపీలకు చెప్పినవాళ్లు తక్కువ.

యార్డు ఏరియా కుర్రాడు (గుంటూరు)

మా నాన్నది మిర్చి యార్డులో బస్తాలు మోసే ముఠా పని. అమ్మ కోల్డ్ స్టోరేజీ దగ్గర ముచ్చికలు తీయటానికి వెళ్తుంది. సీజన్‌లో ఆ చుట్టుపక్కల దగ్గని మనిషి ఉండడు. మిర్చి టిక్కీ (బస్తా) దించినప్పుడల్లా ఘాటు ముక్కులో, గొంతులో, కళ్లల్లో. ఆర్ఎంపీ దగ్గరికి పోతే ఆయన అడిగే మొదటి మాట "యార్డులోనా పని?" అవునంటే సిరప్ ఇచ్చి పంపేస్తారు.

మా నాన్న దగ్గును అందరం ఘాటే అనుకున్నాం. సీజన్ అయిపోయి యార్డుకు వేసవి సెలవులిచ్చినా దగ్గు ఆగలేదు. అన్నం తగ్గింది. లుంగీ జారిపోతోందని అమ్మ గమనించి పట్టుబట్టి తీసుకెళ్తే తేలింది. ఇప్పుడు బాగున్నారు, మందులు పూర్తయ్యాయి.

శిక్షణలో ఇది తప్పకుండా చెప్పండి. యార్డు వాళ్లను దగ్గు ఒక్కటే అడిగితే లాభం లేదు. పని లేని రోజున కూడా దగ్గు ఉందా, చిక్కిపోయారా, సాయంత్రం జ్వరం వస్తోందా, రాత్రి చెమటలు పడుతున్నాయా అని అడగాలి. మిర్చి కోతలకు దూరం నుంచి వచ్చి గుడారాల్లో ఉండే కూలీలను అసలు ఎవరూ అడగరు. సీజన్ అవగానే వెళ్లిపోతారు.

పీహెచ్‌సీ డాక్టరమ్మ

బాబూ, ఈ ప్రశ్నలే మొదటి పాఠం. మా వైపు పత్తి జిన్నింగ్ మిల్లుల్లో పనిచేసేవాళ్లదీ ఇదే పరిస్థితి. దుమ్ము పనివాళ్లకు విడిగా ఒక అరగంట పెడతాను.

ప్రజారోగ్య విద్యార్థిని (విజయవాడ)

శిక్షణ పనిచేస్తుందా అన్న ప్రశ్నకు కొంత సమాధానం ఇప్పటికే ఉంది. పశ్చిమ బెంగాల్ బీర్భూం జిల్లాలో లివర్ ఫౌండేషన్ అనే సంస్థ డిగ్రీ లేని పల్లె వైద్యులకు శిక్షణ ఇచ్చింది. అభిజిత్ బెనర్జీ, జిష్ణు దాస్ తదితరులు దాన్ని పరిశీలించి 2016లో సైన్స్ పత్రికలో ప్రచురించారు. 304 మందిని చీటీ వేసినట్టు రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు తొమ్మిది నెలల్లో 72 తరగతులు. తర్వాత రోగుల్లా నటించే మనుషులను పంపించి చూశారు. గుండెనొప్పి, ఉబ్బసం, పిల్లల విరేచనాల కేసులు సరిగ్గా చూడటం శిక్షణ పొందినవాళ్లలో దాదాపు 8 శాతం పాయింట్లు పెరిగింది. అక్కడి ప్రభుత్వ డాక్టర్లకూ వీళ్లకూ మధ్య ఉన్న తేడా సగానికి తగ్గింది.

మన చర్చకు ముఖ్యమైంది ఇంకోటి ఉంది. అనవసరమైన యాంటీబయాటిక్స్ ఇవ్వటం మాత్రం శిక్షణ వల్ల తగ్గలేదు. జబ్బు గుర్తుపట్టటం నేర్చుకున్నారు గానీ, అలవాటైన మందు చేతికి రావటం ఆగలేదు. అక్కడ టీబీ కేసు పెట్టలేదు, కాబట్టి ఆ అంకెలను యథాతథంగా మన దగ్గరికి తెచ్చుకోలేం. ఈ ఒక్క ఫలితాన్ని మాత్రం గట్టిగా పట్టించుకోవాలి.

బంగ్లాదేశ్‌లో డామియన్ ఫౌండేషన్ 1998 నుంచి 12 వేల మందికి పైగా గ్రామ వైద్యులకు టీబీలో శిక్షణ ఇచ్చింది. వాళ్లు అనుమానితులను పంపేవాళ్లు, ప్రభుత్వ మందులను కళ్లెదుట మింగించేవాళ్లు. వాళ్ల పర్యవేక్షణలో ఉన్నవాళ్లలో చికిత్స దాదాపు 90 శాతం విజయవంతమైందని 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వచ్చింది. అక్కడ మందు ఎంచుకునే పని వాళ్లకు ఇవ్వలేదు. పంపటం, మింగించటం, ఈ రెండే. ఛాతీ వైద్యుడు గారి భయానికి జవాబు ఇందులో ఉందనుకుంటాను.

ఛాతీ వైద్యుడు

అమ్మా, మీరు చెప్పిన బీర్భూం ఫలితమే నా ఆందోళన కూడా. యాంటీబయాటిక్ ఆగకపోతే టీబీ విషయంలో మిగతా శిక్షణ వృథా. ఎందుకో ఆర్ఎంపీ మిత్రులకు అర్థమయ్యేలా చెప్తాను.

లీవోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్, మాక్సీఫ్లాక్సాసిన్ జాతి మందులు టీబీ క్రిమిని కూడా కొంత చంపుతాయి. అందుకే అయిదారు రోజులు వాడగానే జ్వరం దిగుతుంది, దగ్గు తగ్గుతుంది, ఆకలి వేస్తుంది. రోగి సంతోషిస్తాడు, ఇచ్చినాయన సంతోషిస్తాడు. క్రిములు కొన్ని చస్తాయి, తట్టుకున్నవి మిగులుతాయి. అదే వారంలో కళ్లె పరీక్ష చేస్తే టీబీ ఉన్నా నెగిటివ్ రావచ్చు. మూడు వారాలకు జబ్బు తిరగబెడుతుంది. మళ్లీ అదే మందు. ఇలా పదేపదే వాడితే ఆ మందుకు లొంగని క్రిములు తయారవుతాయి. మొండి టీబీకి మా చేతిలో ఉన్న ముఖ్యమైన ఆయుధాల్లో ఆ జాతి మందు ఒకటి. 2024లో మన దేశం ఆమోదించిన ఆరు నెలల బీపాల్‌ఎం చికిత్స పేరు నాలుగు మందుల పేర్ల మొదటి అక్షరాలతో వచ్చింది, అందులో చివరి ఎం మాక్సీఫ్లాక్సాసినే. దాన్ని ఊళ్లో దగ్గుకు ఖర్చు చేసేస్తే ఆ రోగికి రేపు ఏం ఇవ్వాలి?

డెక్సా, బెట్నెసాల్ సూదులదీ మరో రకం మోసం. జ్వరం, ఆయాసం, నీరసం అన్నీ రెండు రోజులు మాయమవుతాయి. లోపల రోగనిరోధక శక్తి పడిపోతుంది, టీబీ ఊపిరితిత్తి అంతా పాకుతుంది. షుగర్ ఉన్నవాళ్లకైతే షుగర్ ఎగబాకుతుంది. షుగర్ అదుపులో లేనివాళ్లకు టీబీ వచ్చే అవకాశమే ఎక్కువ, దాని మీద ఈ సూది. మన కృష్ణా, గుంటూరు జిల్లాల్లో షుగర్ లేని ఇల్లు వెతకాలి.

డాక్టరమ్మ గారూ, శిక్షణ పెట్టాలనుకుంటే ఈ రెండు మందుల గురించే పెట్టండి. రెండు వారాలు దాటిన దగ్గుకు పరీక్ష కాకముందు ఆ మందులు ముట్టుకోకూడదని వాళ్లతో ఒప్పించగలిగితే నా అభ్యంతరం సగం తగ్గుతుంది. సర్టిఫికెట్ మాత్రం ఇవ్వొద్దు. ఫొటో కూడా వద్దు, ఫ్లెక్సీ వేయిస్తారు.

దుగ్గిరాల ఆర్ఎంపీ

సార్, లీవోఫ్లాక్స్ వాడితే పరీక్ష నెగిటివ్ రావచ్చని నాకు ఇప్పుడే తెలిసింది. మాకు మందుల కంపెనీ కుర్రాళ్లు చెప్పేదే చదువు. వాళ్లు దగ్గుకు బాగా పనిచేస్తుందనే చెప్తారు, పరీక్ష సంగతి చెప్పరు. ఈ ఒక్క మాట మా మండలంలో పదిమందికి చెప్తే ఎంత లాభం! నాకు సర్టిఫికెట్ అక్కర్లేదు.

మరి పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆ మనిషికి ఏం ఇవ్వాలి? ఉత్త చేతులతో పంపితే ఆగడు.

ఛాతీ వైద్యుడు

జ్వరానికి పారాసెటమాల్. వేడి నీళ్లు, తిండి. అంతకుమించి ఏదైనా డాక్టరు చూసి రాయాలి. రక్తం పడుతున్నా, ఆయాసం ఎక్కువున్నా, మనిషి తికమకగా మాట్లాడుతున్నా ఫలితం కోసం ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి.

సింగ్ నగర్ అమ్మాయి (విజయవాడ)

నేను టీబీ మందులు వాడి నయమైనదాన్ని. ఇక్కడ అందరూ మందుల గురించి మాట్లాడుతున్నారు, నేను ఆరు నెలల సంగతి చెప్తాను.

జబ్బు తేలింది ఆస్పత్రిలోనే. నన్ను చివరిదాకా నిలబెట్టింది మాత్రం మా పుట్టింటి ఊళ్లో ఉండే ఆర్ఎంపీ అన్నయ్య. మొదటి రోజు మాత్రలు మింగాక మూత్రం నారింజ రంగులో వచ్చింది. రక్తం పోతోందని ఏడ్చాను. ఎవరూ ముందు చెప్పలేదు. రాత్రిపూట ఫోన్ చేస్తే, "అది రిఫాంపిసిన్ మాత్ర రంగేనమ్మా, చెమటా కన్నీళ్లూ కూడా అలా రావచ్చు, భయపడకు, రేపు కూడా వేసుకో" అన్నాడు. ఆ మాట వినకపోయి ఉంటే మర్నాడు మాత్ర ముట్టేదాన్ని కాదు.

రెండు నెలలకు దగ్గు పోయింది, బరువు పెరిగాను. అత్తగారు "ఇంకెందుకు ఇన్ని మందులు, వేడి చేస్తాయి" అన్నారు. నాకూ ఆపేయాలనిపించింది. అన్నయ్య ఇంటికి వచ్చి ఆమెను కూర్చోబెట్టి చెప్పాడు. పెద్ద డాక్టరు చెబితే ఆమె వినేవారు కాదు, ఆయన మాట విన్నారు. కంచం, గ్లాసు వేరు చేయక్కర్లేదని, గిన్నెల వల్ల అంటదని, దగ్గినప్పుడు గుడ్డ అడ్డం పెట్టుకుంటే, గది కిటికీలు తీసి ఉంచితే చాలని కూడా ఆయనే చెప్పాడు. సరిగ్గా మందులు పడితే కొద్ది వారాల్లోనే అంటించే గుణం బాగా తగ్గుతుందట. అది విన్నాకే మా బాబును మళ్లీ నా దగ్గర పడుకోనిచ్చారు.

శిక్షణలో ఈ మాటలు నేర్పండి. పెళ్లయిన ఆడవాళ్లకు ఇంకో సంగతి చెప్పాలి: పిల్లలు వద్దని మాత్రలు వాడుతుంటే రిఫాంపిసిన్ వల్ల అవి సరిగ్గా పనిచేయవు. నాకు ఇది నర్సమ్మ చెవిలో చెప్పింది.

ట్రీట్‌మెంట్ సూపర్‌వైజర్

అమ్మా, మీరు రాసింది మా ట్రైనింగ్ పుస్తకాల్లో కూడా ఇంత బాగా లేదు. దీనికి కొంచెం కలుపుతాను. ఇప్పుడు నాలుగు మందులూ ఒకే మాత్రలో కలిపి ఉంటాయి, రోజూ వేసుకోవాలి. ఎన్ని మాత్రలన్నది బరువును బట్టి ఉంటుంది: 35 నుంచి 49 కిలోల వాళ్లకు మూడు, 50 నుంచి 64 వాళ్లకు నాలుగు. రెండు నెలలయ్యాక పైరజినమైడ్ తీసేసి మిగతా మూడు మందులతో నాలుగు నెలలు. ఇది డాక్టరు నిర్ణయం. ఆర్ఎంపీ గారు కనిపెట్టాల్సింది ప్రమాద సూచనలు. కళ్లు పచ్చబడటం, ఆగని వాంతులు, అన్నం వాసనే గిట్టకపోవటం, చూపు మసకబారటం, రంగులు తేడాగా కనపడటం. వీటిలో ఏది కనిపించినా ఆ రోజే మాకు ఫోన్. మద్యం తాగేవాళ్లలో కామెర్లు మరీ జాగ్రత్తగా చూడాలి. కీళ్ల నొప్పులు, అరికాళ్ల తిమ్మిర్లకు భయపడి మందు ఆపొద్దు, చెప్తే డాక్టరు గారు సర్దుతారు.

తెనాలి మెడికల్ షాపు

మా సంగతి కూడా మాట్లాడుకోవాలి. టీబీ మందులు, లీవోఫ్లాక్సాసిన్ 2014 నుంచి షెడ్యూల్ హెచ్1లో ఉన్నాయి. చీటీ లేకుండా అమ్మకూడదు, రోగి పేరు, డాక్టరు పేరు రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు ఉంచాలి. టీబీ మందులు అమ్మితే ప్రభుత్వానికి తెలియజేయాలని 2018లో మందుల షాపులకూ నిబంధన వచ్చింది. మా షాపులో రాస్తాం. లీవోఫ్లాక్సాసిన్ విడిగా అడిగేవాళ్లకు ఇవ్వకపోతే రోడ్డుకు అవతల షాపులో తీసుకుంటారు. ఆర్ఎంపీలు హోల్‌సేల్‌గా డబ్బాలు కొంటారు. ఒక్క ఆర్ఎంపీలకే శిక్షణ పెట్టి మమ్మల్ని వదిలేస్తే పని సగమే అవుతుంది. పిలవండి, వస్తాం.

ఆశా కార్యకర్త (తాడికొండ వైపు)

నమస్కారం మేడమ్. ఊళ్లో ఇంటింటికీ తిరిగేది మేము. ఆర్ఎంపీకి చెప్పిన మాట మాకు చెప్పరు, మాకు చెప్పింది ఆర్ఎంపీకి తెలియదు. ఒకే ఇంటికి ఇద్దరం వెళ్లి రెండు రకాలుగా చెప్తాం. శిక్షణలో మమ్మల్నీ కూర్చోబెట్టండి, ఆర్ఎంపీ నంబరు మాకు, మా నంబరు ఆయనకు ఇప్పించండి.

ఇంట్లో ఒకరికి టీబీ వస్తే మిగతావాళ్లకు కూడా చూడాలి కదా, ముఖ్యంగా అయిదేళ్లలోపు పిల్లలకు. జబ్బు లేదని తేలితే రాకుండా మందు ఇస్తున్నారు. "జబ్బే లేనివాడికి మందేంటి" అని వెనక్కి పంపేస్తారు. ఆర్ఎంపీ గారు ఒక మాట అంటే వేసుకుంటారు. మగవాళ్లు మా మాట వినరు మేడమ్, ఆయన మాట వింటారు.

రిటైర్డ్ హెల్త్ సూపర్‌వైజర్ (మంగళగిరి)

ఎయిమ్స్ వచ్చిన చోట ఒకప్పుడు టీబీ శానిటోరియం ఉండేది. ఇప్పటికీ ఆ రోడ్డుకు ఆ పేరే. నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో, జబ్బు తిరగబెట్టినవాళ్లకు రెండు నెలలు స్ట్రెప్టోమైసిన్ సూదులు ఉండేవి. వారానికి మూడుసార్లు అంత దూరం ఎవరు వస్తారు? చాలా ఊళ్లలో మందు మేమిచ్చేవాళ్లం, సూది ఆర్ఎంపీ వేసేవాడు, కార్డు మీద టిక్కు పెట్టేవాడు. మేము వెళ్లి ఖాళీ సీసాలు లెక్క చూసుకునేవాళ్లం. కాబట్టి ఇది కొత్త పొత్తు కాదు. అప్పుడు ఎవరైనా వెళ్లి చూసేవాళ్లు, కాబట్టి నడిచింది. ఒక పూట పాఠం చెప్పి వదిలేస్తే నడవదు. నెలకోసారైనా వాళ్ల గుమ్మం ఎక్కాలి.

పీహెచ్‌సీ డాక్టరమ్మ

అందరికీ ధన్యవాదాలు. స్లైడ్లు పక్కన పెట్టేశాను. మీ మాటలతో ఇలా అనుకుంటున్నాను, తప్పుంటే చెప్పండి.

ఉపన్యాసం ఉండదు. మొదట పాత మందు అట్టలు పేర్లు తీసేసి బల్ల మీద పెడతాం, ఈ మనిషికి ఏ రోజున కళ్లె పరీక్ష చేయించి ఉండాల్సిందో వాళ్లనే చెప్పమంటాం. తర్వాత ఛాతీ వైద్యుడు గారు రాసిన లీవోఫ్లాక్సాసిన్, డెక్సా సంగతి. సార్, వీలైతే మీరే వచ్చి చెప్పండి, మీరు చెబితే బరువు ఉంటుంది. కళ్లె తీయించటం ల్యాబ్ టెక్నీషియన్ ఆరుబయట చేసి చూపిస్తారు. ఆశా కార్యకర్తలు, మందుల షాపుల వాళ్లు అదే హాల్లో ఉంటారు. ఆరు నెలల పాఠాన్ని సింగ్ నగర్ చెల్లెలు లాంటి ఒకరు చెబితే బాగుంటుంది. ఇష్టమైతేనే, పేరు చెప్పక్కర్లేదు.

టీబీ మందు ఏది ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి అన్నది పాఠంలో ఉండదు. అది డాక్టరు పని అని మొదటి మాటగానే చెప్తాం. సర్టిఫికెట్ లేదు, ఫొటో లేదు.

మా వైపు చేయాల్సింది ఇంకా ఎక్కువ. ఆర్ఎంపీ చీటీతో వచ్చినవాళ్లను ఓపీ లైనులో నిలబెట్టకుండా నేరుగా ల్యాబుకు పంపేలా మా సిబ్బందితో మాట్లాడాను. ల్యాబు వేళలు ఆ చీటీ వెనకే అచ్చు వేయిస్తాం. ఫలితం పంపినవాళ్లకు చెప్పటం గురించి మాత్రం ఆలోచిస్తున్నాను. అది రోగి సొంత విషయం.

ప్రజారోగ్య విద్యార్థిని

చీటీ మీదే ఒక గడి పెట్టండి మేడమ్: "నా ఫలితం నన్ను పంపినవారికి చెప్పవచ్చు" అని, పక్కన సంతకమో వేలిముద్రో. ఒప్పుకోనివాళ్ల విషయంలో "మీరు పంపిన మనిషి వచ్చారు, పరీక్ష అయింది" అని మాత్రం చెప్పండి. ఆ మాటైనా అందితే వాళ్లు మళ్లీ పంపుతారు. లెక్క కూడా పెట్టుకోండి. ఎంతమందిని పంపారు అన్నదాని కంటే, దగ్గు మొదలైన ఎన్ని రోజులకు పంపారు, అంతకుముందు ఏ మందులు పడ్డాయి అన్నది రాస్తే శిక్షణ పనిచేసిందో లేదో తెలుస్తుంది.

ఛాతీ వైద్యుడు

చట్టం గురించి నా మాట మారదు. డిగ్రీ లేని వైద్యాన్ని నేను ఎప్పటికీ సమర్థించను. ఆ రోజు వచ్చి ఆ రెండు మందుల గురించి మాత్రం చెప్తాను. ఎక్స్‌రేలు కూడా తెస్తాను, డెక్సా పడకముందువి, పడ్డాక రెండు నెలలవి.

దుగ్గిరాల ఆర్ఎంపీ

మంచిది సార్, మీరు వస్తే మా వాళ్లందరినీ తీసుకొస్తాను. శిక్షణ దాకా ఆగలేని ఒక సంగతి ఉంది. ఈ సాయంత్రం ఒకావిడ వచ్చింది. షుగర్ ఉంది, మూడు వారాలుగా దగ్గు, చీర కుచ్చిళ్లు నిలవటం లేదంటోంది. పక్క ఊళ్లో లీవోఫ్లాక్స్ ఇచ్చారట, రెండు రోజులు వాడింది. నేను ఏ మందూ ఇవ్వలేదు. రేపు పంపనా, ఆ మందు దిగేదాకా ఆగనా?

ట్రీట్‌మెంట్ సూపర్‌వైజర్

ఆగొద్దండి. ఆ మాత్రలు కొనసాగించాలా వద్దా అన్నది కూడా రేపు డాక్టరు గారే చెప్తారు, అట్ట తీసుకుని రమ్మనండి. రేపు పొద్దున పరగడుపున ఒక నమూనా ఇంటి దగ్గరే తీయించండి, డబ్బాలు మీ ఊరి ఆశా దగ్గర ఉన్నాయి. రెండోది ఇక్కడికి వచ్చాక తీసుకుంటాం. లీవోఫ్లాక్స్ వాడిందని చీటీ మీద రాయండి. నెగిటివ్ వచ్చినా వదిలిపెట్టం, ఎక్స్‌రే తీయించి డాక్టరు గారికి చూపిస్తాం. షుగర్ కూడా ఇక్కడే చూస్తారు. నా నంబరు మీకు మెసేజ్‌లో పెట్టాను. నేను ఎత్తకపోతే 1800-11-6666కి చేయండి, అది టీబీ టోల్ ఫ్రీ.

దుగ్గిరాల ఆర్ఎంపీ

నంబరు వచ్చింది. ఆవిడ కొడుకుతో మాట్లాడాను, పొద్దున బండి మీద తీసుకొస్తానన్నాడు. పదిన్నరకల్లా ల్యాబు దగ్గర ఉంటారు.